టంకాల కోడలు కట్టిన గంట

మా మేడ మీద వాటాలో కాపురముండే అమ్మాయిని మా వీధంతా టంకాల కోడలు అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. లిఫ్టులకు కంట్రోలు పెట్టెలు తయారుచేసే చిన్న కార్ఖానాలో ఆమెకు పని. పొద్దున ఎనిమిదింటికి భూతద్దం కింద తల పెడితే సాయంత్రం అయిదింటికి ఎత్తుతుంది. వెంట్రుకంత తీగల్ని వేడి టంకంతో అతికించడం, అతికించింది సరిగ్గా పలుకుతోందో లేదో మీటరు పెట్టి చూడడం. వేళ్ల మీద ఆవగింజలంతేసి కాలిన మచ్చలు. దగ్గరికి వస్తే గుగ్గిలం కాలినట్టు ఒక వాసన. ఆ వాసనేమిటో కనుక్కుందామని వాళ్లు దిగిన మర్నాడే మేడెక్కాను. కనుక్కుని కిందికి దిగేసరికి వాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ నా దగ్గరున్నాయి.

ఆమె తండ్రి చేతి గడియారాలు బాగుచేసేవాడట. ఆయన బల్ల కింద కూర్చుని రాలిన మరలు ఏరిపెట్టడమే ఆమె చిన్ననాటి ఆట. ఒక్క మర దొరక్కపోయినా ఆ పూట తండ్రీ కూతురూ భోజనానికి లేచేవాళ్లు కాదట. తండ్రి నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి రెండే: కంటికి తగిలించుకునే భూతద్దం ఒకటి, ఒక మాట. ఏది బాగుచేసినా ఆమె నోట "బాగైంది" అని రాదు. "ఇప్పటికి నడుస్తోంది" అంటుంది. ఆరేళ్లయింది కదా పెళ్లై, మీ ఆయన ఎలాంటివాడమ్మా అని అడిగితే కూడా అదే అంది.

లోపలి గదిలోంచి ఆయన గొంతు వినిపించింది: "విన్నారా పెద్దమ్మా! నాకింకా గ్యారంటీ కార్డు ఇవ్వలేదు."

ఆయన పుస్తకాలకు అట్టలు కుడతాడు. ఇంట్లోనే పని. ముందు గది నిండా కాగితాలు, దారపు ఉండలు, జిగురు డబ్బా. నవ్వుముఖం మనిషి. నాలుగేళ్ల కిందట ఆయనకు నిద్రలో మూర్ఛ మొదలైంది. మెలకువగా ఉన్నప్పుడు ఒక్కసారీ రాలేదు, నిద్ర పట్టాకే వస్తుంది. రాత్రిళ్లు ఆమె పక్కనే ఉంటుంది. చిక్కంతా మధ్యాహ్నంతోనే. మందు వేసుకున్నాక ఒంటిగంట నుంచి మూడింటిదాకా కళ్లు తెరుచుకోవు. ఆ రెండు గంటలూ ఇంట్లో ఆయనొక్కడే.

అందుకని ఆమె ఒక గంట కట్టింది. కార్ఖానాలో పాత బోర్డొకటి సొరుగులో పడి ఉంటే మేనేజరుని అడిగి తెచ్చుకుంది. దాని మీద మైక్రోకంట్రోలరని ఒకటుంది, గోరంత నల్లటి చిప్పు. మనం రాసిపెట్టిన పనిని రాసినట్టు చేసుకుపోవడమే దానికి తెలుసు. ఆ చిప్పుల్ని వందలకొద్దీ కొనేముందు వాడి చూసుకోమని ఒకదాన్ని బోర్డు మీద అతికించి ఇస్తారట. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని గరిటెతో అరచేతిలో కొంచెం వేస్తామే, అలాంటిదన్నమాట. దాన్ని ఇవాల్యుయేషన్ బోర్డు అంటారు. నాకు నోరు తిరగక పరీక్ష బోర్డు అన్నాను. ఆమే నా దారికి వచ్చింది.

మేడ మీద పరుపు కింద అగ్గిపెట్టెలో సగమంత సెన్సరు. అది కుదుపుని కొలుస్తుంది. దాన్నుంచి నాలుగు తీగలు కిటికీలోంచి దిగి మా వంటింటి కిటికీలోకి వస్తాయి. మా గోడ మీద ప్లాస్టిక్ డబ్బా, అందులో ఆ బోర్డు, ఒక గంట, ఒక పచ్చ దీపం. నిద్రలో మనిషి పక్కకి తిరిగితే బోర్డు పట్టించుకోదు. పది సెకన్లపాటు ఆగకుండా ఒకే తీరున కుదిపితే గంట మోగుతుంది. పచ్చ దీపం మాత్రం సెకనుకొకసారి మినుకుమంటూనే ఉంటుంది.

"ఇది మినుకుమంటున్నంతసేపూ బోర్డు బతికున్నట్టు, అత్తయ్యా. ఆరిపోతే నాకు ఫోన్ చేయండి," అని చెప్పింది.

గంట మోగితే ఏం చేయాలో ఆయన్ని పడుకోబెట్టి నా చేత మూడుసార్లు చేయించింది. మనిషిని పక్కకి తిప్పాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు. కదలకుండా బిగించి పట్టుకోకూడదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు. వాళ్లింటి తాళంచెవి ఒకటి మా ఉప్పు డబ్బా పక్కన వేలాడుతుంది. పదకొండు నెలల్లో గంట నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ నా మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియదు.

ఒక శుక్రవారం గంట మోగలేదు.

సాయంత్రం అయిదున్నరకి మేడ మీద నుంచి "అత్తయ్యా!" అని ఒక కేక. ఆ అమ్మాయి అలా అరవగలదని నాకప్పటిదాకా తెలియదు. వెళ్లేసరికి ఆయన మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. నాలుక కొరుక్కున్నాడు. దిండు మీద నెత్తురు ఎండిపోయి ఉంది. ఒక భుజం నల్లగా కమిలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూసి ఎవరో పరాయివాళ్లని చూసినట్టు చూశాడు.

"గంట మోగలేదా?" అంది ఆమె.

"లేదమ్మా. ఒంటిగంట నుంచీ వంటింట్లోనే ఉన్నాను. ఒట్టు."

ఆయన్ని మంచం మీదకి చేర్చి మంచినీళ్లు తాగించాక ఇద్దరం కిందికి దిగాం. గోడ మీద పచ్చ దీపం మినుకుమంటోంది. సెకనుకొకసారి, ఎప్పటిలాగే. అది చూసి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆరిపోయి ఉంటే బాగుండేది, అత్తయ్యా," అంది మెల్లగా. "ఇది ఇలా వెలుగుతూ ఊరుకుంది."

నేను గోడ దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. ఎందుకంటే ఆమెకు తెలియనిది నాకొకటి తెలుసు. ఆ రోజు పొద్దున పదిన్నరకి గోడ తుడుస్తూ ఆ డబ్బా ముందు నిలబడ్డాను. పదకొండు నెలలుగా నన్నొక అనుమానం తొలుస్తోంది. దాని ప్లగ్గు పీకితే దీపం వెంటనే ఆరుతుందా, లోపల ఏదైనా దాచుకుని కాసేపు వెలుగుతుందా? అడిగితే ఆమె చెప్పేది. అడగలేదు. పీకి చూశాను. దీపం ఆరింది. భయమేసి రెప్పపాటులో మళ్లీ పెట్టేశాను. పచ్చ దీపం మినుకుమంది. ఓహో ఆరుతుందన్నమాట అనుకుని చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చున్నాను. సాయంత్రం ఆమె పక్కన నిలబడి ఆ సంగతి చెప్పబోయాను. చెప్పకుండా పొయ్యి వైపు తిరిగాను.

శనివారం వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. భుజానికి కట్టు కట్టి, ఈ మనిషిని నిద్రలో ఒంటరిగా వదలొద్దని చెప్పి పంపారట. సోమవారం ఆమె పనికి వెళ్లాలి. ఉన్న సెలవులన్నీ ఆస్పత్రులకే ఖర్చయ్యాయి.

"నేను వచ్చి కూర్చుంటాను, అదెంత పని," అన్నాను.

"మీరు నన్నే చూస్తూ కూర్చుంటే నాకు నిద్రెలా పడుతుంది పెద్దమ్మా? పైగా కళ్లు మూసుకునే లోపు మా మేనత్తల సంబంధాలన్నీ అడిగేస్తారు," అన్నాడాయన. నాలుక వాచి మాట ముద్దగా వస్తున్నా వేళాకోళం తగ్గలేదు.

ఆమె నవ్వలేదు. "రేపు కూర్చుంటారు, ఎల్లుండి కూర్చుంటారు. ఏడాది పొడుగునా? గంటయితే మీ ఇంట్లో ఎవరున్నా వింటారు. రేపు ఆదివారం ఒక్కటే ఉంది నా చేతిలో. ఇది కుదిరితే సోమవారం పనికి వెళ్తాను. కుదరకపోతే మానేస్తున్నానని ఒక్క ముక్క రాసి పంపుతాను."

ఆ జీతం లేకపోతే మందులెలా అని నేను అడగలేదు. అడగకుండా ఊరుకోవడం నా జీవితంలో అరుదు.

ఆదివారం పొద్దున్నే డబ్బా గోడ నుంచి ఊడదీసి మేడ మీదకి తీసుకెళ్లింది. సెన్సరు తీగలూ పైకి లాగేసింది. అట్టల బల్ల మీద పుస్తకాలు పక్కకి జరిపి కంప్యూటరు పెట్టింది. బోర్డుని దానికి కలపడానికి తీగ కావాలంటే నా ఫోను తీగ ఇచ్చాను. బోర్డు మీద దీపం వెలిగింది కానీ కంప్యూటరు మాత్రం బోర్డే లేదంది. ఊడదీసి, పెట్టి, మళ్లీ ఊడదీసి, చివరికి తీగని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది వట్టి చార్జింగు తీగ, అత్తయ్యా. కరెంటు మోస్తుంది కానీ మాట మోయదు."

కార్ఖానా సంచీలోంచి వేరే తీగ తీసి పెట్టాక కంప్యూటరు బోర్డుని గుర్తుపట్టింది. అప్పుడామె సెన్సరుని బల్ల మీద పెట్టి వేళ్లతో కుదపసాగింది. పది సెకన్లకి గంట మోగింది. ఆపి మళ్లీ కుదిపింది. మోగింది. ఇరవైసార్లు చేస్తే ఇరవైసార్లూ మోగింది. ఒక్కసారి మోగకపోతే బాగుండునని ఆమె ఎదురుచూస్తోందని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తప్పు కనిపిస్తే పట్టుకోవచ్చు. కనిపించని తప్పు రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి కనిపిస్తుంది.

పన్నెండున్నరకి ఆయన మందు వేసుకుని లోపలి గదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "పరుపు కింద మా ఆవిడ గూఢచారి లేదు. ఇవాళ హాయిగా దొర్లుతాను," అన్నాడు. తలుపు బార్లా తెరిచి పెట్టాం. కాసేపటికి ఆయన ఊపిరి బరువుగా వినిపించింది. ఇక అక్కణ్నుంచి మంచం కిర్రుమంటే చాలు, ఇద్దరి తలలూ ఒకేసారి అటు తిరిగేవి. గంట లేదు. మా నాలుగు చెవులే గంట.

ఆమె కంప్యూటరు తెర మీద తాను రాసిన ప్రోగ్రామంతా మొదట్నుంచి చదువుకుంటూ వచ్చింది. ఒక చోట వేలు పెట్టి ఆగిపోయింది.

"అయ్యో. ఇదిగో, తప్పు నాదే."

"ఏమిటమ్మా?"

"ఈ చిప్పులో ఒక చిన్న గడియారం వేరేగా ఉంటుంది. దీపాన్ని దానికి అప్పజెప్పాను, మినుకు సమానంగా రావాలని. అది తన పాటికి తాను దీపాన్ని ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటుంది. అసలు ప్రోగ్రాము, అంటే సెన్సరుని అడిగి గంట మోగించేది, ఎక్కడైనా ఇరుక్కుపోయినా దీపానికి తెలియదు. గుండె కొట్టుకుంటోంది కానీ మనిషికి తెలివి లేదన్నమాట. మనం చూసింది గుండెనే. నేనే మీకు చెప్పాను దీపం చూసుకోండి చాలని. నేనే."

"పోనీలే, కారణం దొరికింది కదా."

"దొరకలేదు. దీపం అబద్ధం ఎందుకు చెప్పిందో దొరికింది. ప్రోగ్రాము ఎందుకు ఇరుక్కుందో దొరకలేదు. పదకొండు నెలలు నడిచింది శుక్రవారమే ఎందుకు ఆగాలి? అది తెలియకుండా ఆయన్ని వదిలి గుమ్మం దాటలేను." తల రెండు చేతుల్లో పట్టుకుంది. "నా చేత్తో కట్టిన గంట నా మొగుణ్ని..."

లోపల మంచం కిర్రుమంది. ఇద్దరం గుమ్మం దాకా వెళ్లాం. ఆయన పక్కకి తిరిగాడంతే.

అప్పటికి రెండు రోజులుగా ఆ ప్లగ్గు సంగతి నాలోనే దాచుకున్నాను. చెబితే ఆ డబ్బా మా గోడ మీదకి మళ్లీ రాదు. తాళంచెవి అడిగి తీసుకుంటారు. ముసల్దాని చేతిలో పెట్టామే అనుకుంటారు. చెప్పకపోతే, తాను చేయని తప్పుకి ఈ పిల్ల కుమిలిపోతూ ఉద్యోగం మానుకుంటుంది. లేదా తెలియక వెళ్తుంది, ఆయన మళ్లీ ఆ గోడకీ మంచానికీ మధ్య పడి ఉంటాడు.

"అమ్మాయ్," అన్నాను, "శుక్రవారం పొద్దున నేను ఆ ప్లగ్గు పీకాను."

ఆమె తలెత్తింది. "ఎందుకు?"

"ఊరికే. దీపం ఆరుతుందో లేదో చూద్దామని."

ఆమె చూపు తట్టుకోలేక జిగురు డబ్బా మీద ఉన్న అక్షరాలు చదువుకున్నాను.

"ఎంతసేపు?" అంది.

"రెప్పపాటు. భయమేసి వెంటనే పెట్టేశాను."

"రెప్పపాటా, ఊపిరి తీసుకునేంతసేపా? సరిగ్గా చెప్పండి అత్తయ్యా. ఇప్పుడు కోప్పడే తీరిక లేదు. తరవాత కోప్పడతాను."

"రెప్పపాటే."

కంప్యూటరు తీగ ఊడదీసింది. మా వంటింట్లో ఉండే ప్లగ్గునే తెచ్చి గోడకి పెట్టి, బోర్డుకి తగిలించింది. సెన్సరుకీ మునుపటంత పొడుగు తీగ కలిపింది. "మీ చేత్తోనే పీకండి. ఆ రోజు ఎలా పీకారో అలాగే, అంతే తొందరగా పెట్టండి," అంది.

పీకాను, పెట్టాను. సెన్సరు కుదిపింది, గంట మోగింది. రెండోసారి, మూడోసారి మోగింది. ఆరుసార్లు మోగాక నేను చెప్పింది అబద్ధమనుకుంటోందేమోనని నాకే అనుమానం వచ్చింది.

ఏడోసారి పీకి పెట్టాను. పచ్చ దీపం మినుకుమంది. ఆమె సెన్సరు కుదిపింది. పది లెక్కపెట్టాను. ఇరవై. ముప్ఫై. ఆమె చెయ్యి ఆగకుండా కుదుపుతోంది, బల్ల వణుకుతోంది, కత్తెర జరిగి కింద పడింది. దీపం సెకనుకొకసారి మినుకుమంటూనే ఉంది. గంట మోగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మా వంటింట్లో జరిగింది ఇదే. నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నా తల మీద ఇదే దీపం ఇలాగే వెలిగింది. పైన మంచం ఇలాగే ఊగింది. నేను కుర్చీ పట్టుకున్నాను. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "దొరికింది, దొరికింది," అంటోంది, తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టు.

మీటరు పెట్టి చూసి నాకు అర్థమయ్యేలా చెప్పింది. కరెంటు రెప్పపాటు పోయినప్పుడు బోర్డుకి స్మారకం తప్పింది, సెన్సరుకి తప్పలేదు. సెన్సరు అప్పుడు ఏదో చెబుతూ సగం మాటలో ఉంది. బోర్డు లేచి మళ్లీ మొదటి నుంచి అడగబోతే, సెన్సరు ఆ పాత మాట పూర్తిచేయడానికి తీగ పట్టుకునే కూర్చుంది. నువ్వు వదులు అని ఇది, నువ్వు ఊకొట్టు అని అది. గుమ్మంలో నిలబడి ముందు మీరంటే ముందు మీరని ఇద్దరు చుట్టాలు కదలకుండా ఉండిపోయినట్టు. ప్లగ్గు కాసేపు ఆగి పెట్టి ఉంటే రెండింటికీ స్మారకం పోయి, రెండూ కొత్తగా లేచేవి. నా తొందరే కొంప ముంచింది.

దీనికి మందు కూడా ఉందట. బోర్డు లేవగానే సెన్సరుని తొమ్మిదిసార్లు తట్టాలి, అప్పుడది పట్టు వదులుతుంది. ప్రోగ్రాములో అది రాసింది. ఎక్కడైనా మళ్లీ ఇరుక్కుంటే చిప్పుని తట్టి లేపే కాపలా గడియారం ఒకటి పెట్టింది. పచ్చ దీపాన్ని ఆ విడి గడియారం నుంచి తప్పించి అసలు ప్రోగ్రాముకే కట్టింది. సెన్సరు పలకకపోతే వెలగడానికి కొత్తగా ఒక ఎర్ర దీపం కూడా చేర్చింది. అంతా రాసి, బోర్డుకి పంపించి, వెనక్కి వాలింది.

ఆ తరవాత ఇంకేదో చిన్న మార్పు చేసి మళ్లీ పంపబోతే కంప్యూటరు బోర్డు లేదంది.

తీగ మార్చింది. బోర్డు లేదు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. బోర్డు లేదు. బోర్డు పటం తీసి వేలితో చూసుకుంటూ వెళ్లి ఒక్కసారిగా కళ్లు మూసుకుంది.

"ఈ చిప్పుకి చుట్టూ ఉన్న ఇనుప కాళ్లలో ఎర్ర దీపాన్ని తీసుకెళ్లి ఏ కాలికి కట్టానో తెలుసా అత్తయ్యా? కంప్యూటరు ఈ చిప్పుతో మాట్లాడే దారి అదే. తొందరలో చూసుకోలేదు. లోపల కూర్చుని తలుపు గడియ పెట్టేసుకుంది. ఇప్పుడు నేనేం చెప్పినా దానికి వినపడదు."

"ఇంకో బోర్డు కొంటే?"

"ఆదివారం కొట్లు మూసి ఉంటాయి. ఇదే ఉంది."

గోడ గడియారం రెండు గంటల పది నిమిషాలు చూపిస్తోంది. లోపల ఆయన ఊపిరి వినిపిస్తోంది. నేను ఆ ఊపిరే లెక్కపెట్టుకుంటున్నాను.

ఒక్క దారి ఉందంది. చిప్పుని మొదటికి తెచ్చే బొత్తాం నొక్కి ఉంచినంతసేపూ అది నిద్రలో ఉంటుంది. వదలగానే లేచి గడియ పెట్టుకుంటుంది. లేవడానికీ గడియ పెట్టడానికీ మధ్య ఉన్న రవ్వంత సందులో కంప్యూటరు పలకరించాలి. అయితే ఆ బోర్డు మీద బొత్తాం టోపీ ఏనాడో విరిగిపోయింది. రెండు సన్నటి మొనల్ని తీగతో కలిపి పట్టుకోవాలి. ఆ మొనలు ఆవగింజకన్నా చిన్నవి. తండ్రి భూతద్దం కంటికి తగిలించుకుని, రెండు చేతులతో తీగ పట్టుకుంది.

"కంప్యూటరు మీట మీరు నొక్కాలి," అంది.

"నేనా? మళ్లీ నా చెయ్యా?"

"ఇంకెవరున్నారు?"

ఏ మీటో నేను పొరబడకుండా దాని మీద కాగితం ముక్క అతికించింది. "నొక్కండి అన్నప్పుడే నొక్కండి. ముందు కాదు, వెనక కాదు. చప్పుడు వినగానే నేను తీగ వదులుతాను."

నొక్కాను. లేదంది కంప్యూటరు. మళ్లీ నొక్కాను. లేదంది. నా వేలి చెమటకి కాగితం ముక్క తడిసింది. మూడోసారి ఆమె "నొక్క..." అనేలోగా లోపల ధబ్బుమని చప్పుడైంది.

ఎలా లేచానో తెలియదు. ఆమె నాకన్నా ముందుంది. గుమ్మంలోనే ఇద్దరం ఒకరినొకరు తగిలి ఆగిపోయాం. ఆయన చెయ్యి మంచం మీద నుంచి జారి, పక్కనున్న పుస్తకాల దొంతరని తోసేసింది. కళ్లు మూసుకునే ఉన్నాయి. ఛాతీ మెల్లగా లేస్తోంది, దిగుతోంది. ఆమె వంగి ఆయన ముక్కు దగ్గర మునివేళ్లు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

బల్ల దగ్గరికి తిరిగొచ్చాక మళ్లీ తీగ పట్టుకుంది. ఈసారి మోచేతులు రెండూ బల్లకి ఆనించుకుంది. నేను ఎడమ చేత్తో నా కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

"నొక్కండి."

నొక్కాను. ఆమె వదిలింది. తెర మీద అంకెలు గబగబా పరుగెత్తాయి.

"తీసింది," అంది గుసగుసగా. "తలుపు తీసింది. ఏదీ ముట్టుకోకండి, ఊపిరి కూడా పీల్చకండి!"

చిప్పులో ఉన్నదంతా తుడిచేసి, ఎర్ర దీపాన్ని వేరే కాలికి కట్టి, ప్రోగ్రాము మళ్లీ ఎక్కించింది. పంపేముందు పటం మీద మూడుసార్లు వేలు పెట్టి చూసుకుంది, నన్ను కూడా చూడమంది. ఆ తరవాత నలభైసార్లు నా చేత ప్లగ్గు పీకించింది. రెప్పపాటున కొన్ని, ఊపిరంతసేపు కొన్ని. నలభైసార్లూ గంట మోగింది. అన్నిసార్లు మోగితే ఎవరికి మెలకువ రాదు? ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "బడి గంటలా వాయిస్తున్నారు. ఇంతకీ ఇంటికి పంపుతారా లేదా?"

సాయంత్రం డబ్బాని మా గోడకి మళ్లీ తగిలించడానికి వచ్చింది. నేననుకున్నట్టు తాళంచెవి అడగలేదు. మరలు బిగించి, పీట మీద కూర్చుంది.

"తరవాత కోప్పడతానన్నాను కదా."

"కోప్పడు తల్లీ."

"ఆయన మెడ విరిగేలా పడి ఉంటే, ప్లగ్గు సంగతి నాకు చెప్పేవారా?"

చెప్పేదాన్నని అనబోయాను. ఆమె నన్నే చూస్తోంది. నాకు తెలియదమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. అంతకన్నా గట్టిగా తిట్టినా నాకు ఇంత గుర్తుండేది కాదు. లేస్తూ ప్లగ్గు వైపు చూపించి, "ఇక నుంచి ప్రతి ఆదివారం పదకొండింటికి దీన్ని పీకి పెట్టే పని మీదే. నేను పైన మంచం కుదుపుతాను. ఏం అడగాలన్నా ముందు నన్నడగండి, తరవాత ముట్టుకోండి," అంది.

దీపాన్ని మాత్రం ఇక ఎవరం నమ్మలేదు. రోజూ ఒంటిగంటకి పడుకునేముందు ఆయనే మంచం కుదిపి గంట మోగించాలి, నేను కిటికీ చువ్వ మీద గరిటెతో మూడుసార్లు కొట్టి విన్నానని చెప్పాలి. అది వినిపించాకే ఆయన కళ్లు మూయాలి. సోమవారం ఆమె పనికి వెళ్తూ మెట్ల మీద మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేను ఆ రెండు గంటలూ పొయ్యి వెలిగించలేదు. చప్పుడుకి గంట వినపడదేమోనని.

తొమ్మిదో రోజు ఒంటిగంటా నలభైకి గంట మోగింది. కుదిపి చూసే వేళ కాదు. తడి చేతులతోనే తాళంచెవి లాగి మెట్లెక్కాను. తాళంలో చెవి ఒక పట్టాన దూరలేదు. లోపల మంచం గోడకి కొట్టుకుంటోంది. పక్కకి తిప్పాను, దిండు జరిపాను, గడియారం చూశాను. ఒక నిమిషం. రెండు. పెదాలు నీలంగా ఉన్నాయి. రెండున్నర. ఫోను నా ఒళ్లోనే ఉంది, వేలు దాని మీదే ఉంది. మూడు నిమిషాల పది సెకన్లకి ఒళ్లు వదులైంది. గురకలా ఒక పెద్ద ఊపిరి వచ్చింది. ఇంకో పావుగంటకి కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఎవరు?" అన్నాడు.

"పెద్దమ్మని, నాయనా."

కాసేపు ఆలోచించాడు. "ఏ పెద్దమ్మ? ప్లగ్గు పెద్దమ్మేనా?"

ఆమెకి ఫోన్ చేసి గంట మోగిందనీ, మనిషి తెలివిలోకొచ్చి నన్ను వెక్కిరిస్తున్నాడనీ చెప్పాను. అవతల మిషన్ల హోరు మెల్లగా దూరమైంది, బయటికి నడిచినట్టుంది. తరవాత, "అయితే ఇప్పటికి నడుస్తోంది," అంది.

ఆదివారాలు పదకొండింటికి ఇప్పటికీ ఆ ప్లగ్గు నేనే పీకుతున్నాను. ఏడాది దాటింది. పైనుంచి ఆమె "ఊ" అంటుంది. దీపం ఆరుతుంది. రెప్పపాటే. మళ్లీ పెడతాను, పైన మంచం కుదిపే చప్పుడు మొదలవుతుంది. నేను గోడకి చెయ్యి ఆనించి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతాను. పదికి గంట మోగాలి. ఏడు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నా రెండో చెయ్యి తాళంచెవి మీదికి పోతుంది.